నరాల జబ్బు ఉన్న మనిషికి స్పైనల్ ఇవ్వొచ్చా?

మీరు అడిగింది ఇది. గుంటూరు కొత్తపేటలోని ఒక నర్సింగ్ హోమ్‌కి పల్నాడు నుంచి 67 ఏళ్ల రైతు వచ్చాడు. తుంటి ఎముక విరిగింది. పదిహేనేళ్లుగా షుగరు, అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. రెండేళ్ల కిందట ఎడమవైపు పక్షవాతం వచ్చి చాలావరకు కోలుకున్నాడు. ఎముకల డాక్టరుగారు స్పైనల్, అంటే నడుము దగ్గర వెన్నునీటిలోకి సూదితో ఇచ్చే మత్తు, ఇచ్చెయ్యమంటున్నారు. "నరాల జబ్బు ఉంటే స్పైనల్ వద్దు" అని పీజీలో విన్న మాట మిమ్మల్ని ఆపుతోంది. పనిలో పనిగా ఎంఎస్ (మల్టిపుల్ స్క్లిరోసిస్, మెదడు, వెన్నుపాములో నరాల పొర ఊడే జబ్బు), పోలియో, ఫిట్స్, తలలో షంట్ (ఎక్కువైన నీటిని బయటికి పంపే గొట్టం) ఉన్నవాళ్ల సంగతి కూడా అడిగారు.

ముందు మీ రైతు గురించి. ఇవ్వొచ్చు. అతని మందుల చీటీలో క్లోపిడోగ్రెల్ (రక్తం పలచనచేసే మందు) లేకపోతే ఇవ్వడమే మంచిది. మిగతాది కాస్త పొడుగ్గా చెప్పాలి. ఎందుకంటే "ఇవ్వొచ్చు" అన్నంత మాత్రాన పని అయిపోదు. సూది గుచ్చకముందు చేసే పదినిమిషాల పనే ఇక్కడ అసలు పని.

"వద్దు" అన్న మాట ఊరికే పుట్టలేదు. 1947 అక్టోబరులో ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్‌లో ఒకే రోజు, ఒకే ఆసుపత్రిలో స్పైనల్ తీసుకున్న వూలీ, రో అనే ఇద్దరికి కాళ్లు శాశ్వతంగా పడిపోయాయి. ఆంపూళ్లు నానబెట్టిన ఫీనాల్ కంటికి కనపడని పగుళ్లలోంచి లోపలికి దిగిందని కోర్టులో వాదన. స్టెరిలైజర్‌లో గార పోగొట్టడానికి వాడిన ఆమ్లం మిగిలిపోయిందన్నది చాలా ఏళ్ల తర్వాత వచ్చిన వివరణ. ఏదైతేనేం, బ్రిటన్‌లో స్పైనల్ ఏళ్ల తరబడి మూలపడింది. 1956లో అమెరికాలో వాండమ్, డ్రిప్స్ పదివేలకు పైగా స్పైనళ్లను గమనించి, ముందే నరాల జబ్బు ఉన్న కొందరికి స్పైనల్ తర్వాత అది ముదిరిందని, అలాంటివాళ్లకి మానడమే మంచిదని రాశారు. పుస్తకం తర్వాత పుస్తకంలోకి ఆ మాట అలాగే వచ్చేసింది.

తర్వాత లెక్కలు వచ్చాయి. మేయో క్లినిక్ వాళ్లు 2006లో ఎంఎస్, పోలియో, వెన్నుపాము గాయాల వంటి జబ్బులున్న 139 మందికి స్పైనల్ లేదా ఎపిడ్యూరల్ (వెన్నునీటి సంచి బయట ఇచ్చే మత్తు) ఇచ్చిన రికార్డులు తిరగేశారు. జబ్బు కొత్తగా ముదిరినవాళ్లు ఒక్కరూ లేరు. అదే ఏడాది షుగరు వగైరా వల్ల చేతులూ కాళ్ల నరాలు దెబ్బతిన్న 567 మందిని చూస్తే ఇద్దరికి, అంటే 0.4 శాతం మందికి, నష్టం జరిగింది. 2010లో వెన్ను కాలువ ఇరుకైనవాళ్లు, డిస్క్ జబ్బు ఉన్నవాళ్లు 937 మందిలో 10 మందికి, అంటే 1.1 శాతం. ఈ అంకెల్ని తూచి చదవాలి. 139 మందిలో ఒక్కరికీ జరగలేదంటే అసలు జరగదని కాదు. అంతమందిలో సున్నా వచ్చినా అసలు రిస్క్ 2 శాతం దాకా ఉండొచ్చని గణితం చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోల్చి చూడండి. బ్రిటన్‌లో 2009లో వచ్చిన మూడో జాతీయ ఆడిట్ ప్రకారం వెన్ను బ్లాక్‌ల వల్ల శాశ్వత నష్టం లక్షకు 2 నుంచి 4 మందికే. కాబట్టి నరాల జబ్బు ఉన్నవాళ్లకి రిస్క్ పెరిగే మాట నిజం. నిషేధించేంత పెరగదన్నదీ అంతే నిజం. గమనించాల్సింది ఇంకొకటుంది. అందరూ భయపడే మెదడు, వెన్నుపాము జబ్బుల్లో కంటే, ఎవరూ పట్టించుకోని ఇరుకు వెన్ను కాలువలోనే ఎక్కువమంది దెబ్బతిన్నారు.

జబ్బు పేరు చూసి నిర్ణయించడం నాకు నచ్చని పద్ధతి. పేరు ఏదైనా ముందు తేల్చుకోవాల్సినవి మూడు. తలలో ఒత్తిడి ఉందా, వెన్నునీరు కిందికి పారే దారి మూసుకుపోయి ఉందా? సూది పడే చోట, మందు చేరే చోట నరం ఇప్పటికే దెబ్బతిని ఉందా? జబ్బు నిలకడగా ఉందా, లేక ఈ వారంలోనే ముదురుతోందా? మొదటిదానికి అవునంటే, కింద చెప్పే ఒక్క మినహాయింపు తప్ప, స్పైనల్ లేదు. రెండోదానికి అవునంటే మోతాదు, పద్ధతి మారతాయి. జబ్బు ముదురుతూ ఉంటే న్యూరాలజిస్టు చూసేదాకా ఆగాలి, లేదా జీఏ, అంటే పూర్తిగా నిద్రపుచ్చే మత్తు. ఈ మూడింటికీ జవాబు దొరికాక కూడా తూకంలో రెండో పళ్లెం ఖాళీగా ఉండదు. ఆ రెండో పళ్లెంలో ఉండేది జీఏ. జీఏలో గొంతులో గొట్టం వెయ్యడానికి కండరాలు వదులుచేసే సక్సినైల్‌కోలిన్‌ని పక్షవాతం వచ్చిన మనిషికి ఇస్తే పొటాషియం ఒక్కసారిగా ఎగిసి గుండె ఆగొచ్చు. వెన్నుపాము గాయం, గులియన్ బారీ (కాళ్లూ చేతులూ రోజుల్లోనే చచ్చుబడే నరాల జబ్బు), కాళ్లు బలహీనపడిన ఎంఎస్, అన్నిట్లోనూ ఇదే ప్రమాదం.

ఇక పరీక్ష. కాజువాలిటీలో నొప్పి తగ్గడానికి ఫేషియా ఇలియాకా బ్లాక్ (గజ్జల దగ్గర తొడ నరాల్ని మొద్దుబార్చే సూది) వేస్తున్నారు. చాలా మంచి పని. కానీ బ్లాక్ పడ్డాక తొడ మొద్దుబారి, మోకాలు చాచే బలం తగ్గుతుంది. ఆ తర్వాత మీరు వెళ్లి పరీక్షిస్తే దేనివల్ల ఏది వచ్చిందో తేలదు. అందుకని బ్లాక్‌కి ముందే చూడాలి. విరిగిన కాలిలో తుంటి, మోకాలు కదపలేం కాబట్టి చీలమండ, వేళ్లు చూస్తాం. రెండో కాలు పూర్తిగా చూస్తాం. వెన్ను నుంచి వచ్చే ఏ నరం ఏ పని చేస్తుందంటే, తొడ పైకి ఎత్తడం ఎల్2, మోకాలు చాచడం ఎల్3, పాదం పైకి లేపడం ఎల్4, బొటనవేలు పైకి లేపడం ఎల్5, పాదంతో నా చేతిని కిందికి తొయ్యడం ఎస్1. ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా మార్కు వేసి, రెండు కాళ్లకీ విడివిడిగా కేస్‌షీట్‌లో రాయాలి. దూదితో, మొద్దు సూదితో స్పర్శ. పీటవేసి కూర్చునే భాగంలో తిమ్మిరి ఉందేమో, మూత్రం వచ్చినట్టు తెలుస్తుందా, ఆపుకోగలుగుతున్నాడా అని నోరు తెరిచి అడగాలి. ఇవన్నీ రాయకపోతే, ఆపరేషన్ తర్వాత మూడోరోజు ఫిజియోథెరపిస్టు "పాదం లేవట్లేదు సార్" అన్నప్పుడు ఆ పాదం ఎప్పటినుంచి లేవట్లేదో చెప్పే కాగితం ఉండదు.

మన ప్రాంతంలో పాదం జారిపోయి వచ్చే మనిషిని ఇంకో ప్రశ్న కూడా అడగండి: "పిర్ర మీద నొప్పి ఇంజెక్షన్ వేయించుకున్నాక ఇలా అయిందా?" డైక్లోఫెనాక్ సూది సయాటిక్ నరంలో పడి పాదం వేలాడిపోయినవాళ్లు ఊళ్లలో ఉన్నారు. వాళ్లు దాన్ని జబ్బుగా లెక్కపెట్టుకోరు, అడిగితే తప్ప చెప్పరు.

మీ రైతుకి తిమ్మిర్లున్నాయి, షుగరు పాతది. కాబట్టి బీపీని, గుండె వేగాన్ని నడిపే అటానమిక్ నరాలు కూడా దెబ్బతిని ఉంటాయనే అనుకుని మొదలుపెట్టండి. నిలబెట్టి బీపీ చూడలేం. దానికి బదులు మానిటర్ పెట్టి, ఐదు సెకన్లు లోపలికి, ఐదు సెకన్లు బయటికి, నిమిషానికి ఆరు శ్వాసలు తీయించండి. గుండె వేగంలో ఎక్కువ, తక్కువల తేడా 15 దాటితే బాగున్నట్టు. 10 లోపు ఉంటే ఆ మనిషికి స్పైనల్ పడ్డాక బీపీ జారుడుబండ మీద జారినట్టే జారుతుంది, గుండె వేగం పెరిగి ఆదుకోదు. ఆరాంగా పడుకున్నప్పుడే నిమిషానికి 100 పైన కొట్టుకుంటున్నా అదే అనుమానం.

బీపీ పెంచడానికి ఇలాంటివాళ్లలో మెఫెంటెర్మిన్‌ని నమ్ముకోకండి. అది నరాల చివర నిల్వ ఉన్న నారడ్రినలిన్‌ని బయటికి తోసి పనిచేసే మందు. నరం చివరే పాడైతే తోయడానికి ఏముంటుంది? నేరుగా పనిచేసేవి వాడాలి. 10 మిల్లీగ్రాముల ఫినైల్‌ఎఫ్రిన్ ఆంపూల్‌ని 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపితే మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు. అందులోంచి పావు, అర మిల్లీలీటరు చొప్పున ఇవ్వండి. లేదా 4 మిల్లీగ్రాముల నారడ్రినలిన్‌ని 500 మిల్లీలీటర్లలో కలిపితే మిల్లీలీటరుకి 8 మైక్రోగ్రాములు, అర మిల్లీలీటరు చొప్పున. నరాలు పోయిన రక్తనాళం ఈ మందులకి అతిగా స్పందిస్తుంది కాబట్టి మొదటి డోసు మామూలుగా ఇచ్చేదాంట్లో సగమే. స్పైనల్ వెయ్యకముందే సిరంజి నింపి, లేబుల్ రాసి పక్కన పెట్టుకోవాలి. పక్షవాతం వచ్చినవాడి మెదడు బీపీ పడిపోతే తట్టుకోదు. వార్డులో ఉండే బీపీ కంటే 20 శాతానికి మించి తగ్గనివ్వకూడదు.

మోతాదు విషయానికొస్తే, 0.5 శాతం హెవీ బుపివకైన్ 1.5 నుంచి 2 మిల్లీలీటర్లు, దాంతో ఫెంటనిల్ 15 నుంచి 20 మైక్రోగ్రాములు సరిపోతాయి. షుగరు నరాలు మందుకి తేలిగ్గా లొంగుతాయి, తేలిగ్గా కోలుకోవు. బ్లాక్ గంట, గంటన్నర ఎక్కువసేపే ఉండొచ్చని ముందే అనుకోండి. ఎడ్రినలిన్ కలపొద్దు. రక్తసరఫరా సరిగా లేని నరానికి ఉన్న రక్తాన్ని కూడా తగ్గించినట్టవుతుంది. 5 శాతం హెవీ లిగ్నోకైన్ ఇంకా ఎక్కడైనా అలమారాలో ఉంటే, నరాల జబ్బు ఉన్నవాళ్ల దగ్గరికి దాన్ని రానివ్వకండి. పిరుదులు, తొడల్లోకి పాకే మంటలు దానితోనే ఎక్కువ.

రక్తం పలచనచేసే మందులు. ఆస్పిరిన్ ఒక్కటే అయితే అడ్డు కాదు. క్లోపిడోగ్రెల్ ఉంటే 5 నుంచి 7 రోజులు ఆపాలి. తుంటి విరిగినవాణ్ణి అన్ని రోజులు మంచం మీద ఉంచితే న్యుమోనియా, పుండ్లు ముందొస్తాయి. కాబట్టి అలాంటివాళ్లకి జీఏ, దానికి తోడు ఫేషియా ఇలియాకా బ్లాక్ నా ఎంపిక. జీఏ ఇస్తే రెండు జాగ్రత్తలు. సక్సినైల్‌కోలిన్ వద్దు. కండరాలు ఎంత వదులయ్యాయో చూపే నరాల ఉత్తేజ మానిటర్‌ని పక్షవాతం రాని చేతికే పెట్టాలి. చచ్చుబడిన చేతి కండరం రిలాక్సెంట్‌కి (కండరాలు వదులుచేసే మందుకి) మొండిగా ఉంటుంది. ఆ చేతిని చూసి మందు ఇస్తూపోతే మనిషికి మోతాదు మించిపోతుంది. ఇంకొకటి, కాజువాలిటీలో ఎనాక్సాపారిన్ 40 మిల్లీగ్రాములు ఎప్పుడు పొడిచారో నర్సును అడగండి. దానికీ సూదికీ మధ్య 12 గంటలుండాలి, సూది తర్వాత మళ్లీ మొదలుపెట్టడానికి ఇంకో 12. పక్షవాతం వచ్చి మూడు నెలలు కాకపోతే వాయిదా వెయ్యగలిగిన ఆపరేషన్లు వాయిదా వెయ్యాలి. తుంటి ఆ జాబితాలోకి రాదు.

ఇప్పుడు వెన్ను కాలువ ఇరుకైనవాళ్లు. అందరూ తేలిగ్గా తీసుకునేది, ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. ఇరుకైన కాలువలో వెన్నునీరు తక్కువ. మందు పలచబడకుండా ఒకచోటే నిలిచిపోయి, ఆ కాస్త చోట ఉన్న నరాలకి గాఢంగా తగులుతుంది. "బ్లాక్ సరిగా రాలేదు, ఇంకో 3 మిల్లీలీటర్లు వేద్దాం" అనే నిర్ణయమే నరాల గుచ్ఛాన్ని కాల్చేది. మొదటిసారి వెన్నునీరు చక్కగా వచ్చి, మందు వెళ్లి, బ్లాక్ మాత్రం కూర్చునే భాగానికే పరిమితమైతే మందు అక్కడే పేరుకుందని అర్థం. అలాంటప్పుడు ఆ చోటే మళ్లీ పూర్తి డోసు వెయ్యడం తప్పు. రెండు సార్లూ కలిపి ఒకసారి ఇచ్చే గరిష్ట మోతాదు దాటకూడదు. అలా కుదరకపోతే జీఏకి వెళ్లిపోవాలి. ఆంపూల్ 4 మిల్లీలీటర్లు ఉంది కదా అని మిగిలినదంతా పంపడం ఎవరికీ మంచిది కాదు, వీళ్లకి అసలే కాదు.

కొంతదూరం నడిస్తే కాళ్లు బరువెక్కి, కాసేపు ముందుకి వంగి కూర్చుంటే తగ్గుతుందని చెప్పే పెద్దవాళ్లకి కాలువ ఇరుకని అనుమానించండి. ఎంఆర్ఐ ఉంటే ఏ ఎముకల మధ్య ఇరుకుందో చూసి, అది కాని చోట సూది వెయ్యండి. వెన్ను ఆపరేషన్ అయినవాళ్లకి మచ్చ పైనో కిందో సూది వెయ్యాలి. మధ్య గీతలో దారి లేకపోతే పక్కనుంచి వెళ్లే టేలర్ దారి పనికొస్తుంది. నడుము వెనక చర్మం సొట్ట పడే చోట ఉండే ఎముక మొన నుంచి సెంటీమీటరు లోపలికి, సెంటీమీటరు కిందికి గుచ్చి, సూదిని లోపలికీ పైకీ తిప్పితే ఎల్5-ఎస్1 మధ్యకి వెళ్తుంది. వెన్నులోకి వెళ్లే దారుల్లో అన్నిటికంటే వెడల్పైనది అదే.

ఇక్కడ ఫ్లోరోసిస్ గురించి చెప్పకుండా వెళ్లలేను. పొదిలి, దర్శి, కనిగిరి వైపు నుంచి గుంటూరుకి వచ్చే పెద్దవయసు వాళ్లలో వెన్ను వెదురుబొంగులా బిగుసుకుపోయినవాళ్లు కనిపిస్తారు. ఫ్లోరైడ్ నీళ్లవల్ల వచ్చే జబ్బును మనదేశంలో మొదట వర్ణించింది 1937లో, ఆ ప్రాంతంలోనే. పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. స్నాయువులు ఎముకలైపోతాయి, కాలువ ఇరుకవుతుంది, మెడ దగ్గర వెన్నుపాము నలిగి రెండు కాళ్లూ బిగుస్తాయి. సూది రాయికి తగిలినట్టు ఆగుతుంది. మధ్యగీతలో పదిసార్లు ప్రయత్నించకుండా పక్క నుంచి వెళ్లండి. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర సున్నంలా మెరిస్తే ఫ్లోరోసిస్ అని గట్టి ఆనవాలు. వీళ్లకి జీఏ మాత్రం సులువని అనుకోవద్దు. మెడ వెనక్కి వంచలేం, బలవంతంగా వంచితే నలిగి ఉన్న వెన్నుపాము ఇంకా నలుగుతుంది. కాలి పిక్క బిగుతు, పాదం కుదుపు, నడకలో కత్తెర పడటం ఉంటే మెడ ఎంఆర్ఐ చూడకుండా ఏ మత్తూ మొదలుపెట్టకూడదు.

తల విషయానికి వస్తే, నిషేధం నిజంగా ఉన్నది ఇక్కడే. గడ్డ, మధ్యగీత పక్కకి జరగడం, దారి మూసుకుపోయిన హైడ్రోసెఫలస్ (తలలో నీరు చేరడం), టీబీ మెనింజైటిస్‌లో నీరు నిండిన మెదడు, వీటిల్లో కింద నుంచి వెన్నునీరు తీస్తే మెదడు కిందికి జారి నొక్కుకుపోతుంది. పొద్దున్నే తలనొప్పితో వాంతులు, చూపు మసకబారడం, ఒక వస్తువు రెండుగా కనబడటం, కొత్తగా ఫిట్స్, ఇవేవి ఉన్నా కంటి వెనక పొర చూడాలి, సీటీ చూడాలి. మెదడులో పురుగుగుడ్డు జబ్బు, అంటే న్యూరోసిస్టిసర్కోసిస్, మన దగ్గర తక్కువేం కాదు. గట్టిపడిన ఒకే ఒక్క మచ్చ అయితే ఇబ్బంది లేదు. వాపుతో ఉన్నవీ, మెదడు గదుల్లో ఉన్నవీ అయితే వద్దు. గడ్డ లేకుండా ఒత్తిడి మాత్రమే పెరిగే జబ్బు వేరు. బరువెక్కువ ఉన్న ఆడవాళ్లకి వచ్చే ఇందులో వెన్నునీరు తియ్యడమే చికిత్స, స్పైనల్ ఇవ్వొచ్చు. తల నుంచి పొట్టలోకి వెళ్లే షంట్ బాగా పనిచేస్తుంటే ఇవ్వొచ్చు. నడుము నుంచి పొట్టలోకి వెళ్లే షంట్ ఉంటే మందు దాంట్లోంచి జారిపోతుంది, సూది గొట్టానికి తగలొచ్చు. అక్కడ మానుకోవడమే మేలు.

పుట్టుకతో వెన్ను కలవని వాళ్లని కళ్లతో పట్టుకోవాలి. నడుము వెనక బట్ట తీసి చూడండి. వెంట్రుకల కుచ్చు, గుంట, మెత్తటి కొవ్వు గడ్డ, మచ్చ కనిపిస్తే వెన్నుపాము కిందిదాకా అంటుకుని ఉండొచ్చు. ఎంఆర్ఐ లేకుండా సూది పెట్టొద్దు.

ఎంఎస్ సంగతి. మైలిన్ పొర ఊడిన చోట మందు నేరుగా నరాన్ని తాకుతుందన్న అనుమానం వల్ల, స్పైనల్ కంటే ఎపిడ్యూరల్ మేలని పాతవాళ్లు చెప్పేవారు. ఎపిడ్యూరల్‌లో వెన్నుపాము దగ్గరికి చేరే మందు తక్కువన్నది నిజమే. కానీ సిజేరియన్‌కి తక్కువ మోతాదు స్పైనల్ ఇచ్చినవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, భయపడినట్టు జరగలేదు. హెవీ బుపివకైన్ 1.8 నుంచి 2 మిల్లీలీటర్లు, ఫెంటనిల్ 15 మైక్రోగ్రాములు చాలు. గర్భిణికి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి వేరే ఉంది. 1998లో ఐరోపా 12 దేశాల్లో 254 మంది ఎంఎస్ గర్భిణులను చూసిన అధ్యయనంలో, ఏడాదికి సగటు రిలాప్స్‌లు (జబ్బు తిరగబెట్టడాలు) గర్భానికి ముందు 0.7 ఉండగా చివరి మూడు నెలల్లో 0.2కి పడిపోయి, కాన్పు తర్వాత మొదటి మూడు నెలల్లో 1.2కి పెరిగాయి. ఎపిడ్యూరల్ తీసుకున్నా తీసుకోకపోయినా అదే తీరు. కాబట్టి కాన్పయ్యాక రెండో నెలలో చూపు తగ్గితే "ఆ నడుము సూది వల్లే" అని కుటుంబమంతా అనుకోకముందే, ఇలా జరగడానికి ఎక్కువ అవకాశమున్న కాలమిదని ఆపరేషన్‌కి ముందే తెలుగులో చెప్పి, చెప్పినట్టు రాసి, సంతకం తీసుకోండి. వేడి కూడా పడదు. అర డిగ్రీ జ్వరం పెరిగినా పాత లక్షణాలు తిరగబెడతాయి. మే నెల బెజవాడలో థియేటర్ ఏసీ ఆగితే ఆ కేసు మొదలుపెట్టకండి. వార్మర్ కూడా మితంగానే వాడండి.

సహజ (వైల్డ్) వైరస్ వల్ల వచ్చే పోలియో మనదేశంలో చివరిసారి కనిపించింది 2011 జనవరిలో. పోలియోతో కాలు సన్నబడినవాళ్లు నలభైలు, యాభైలు దాటి ఇప్పుడు తుంటి, మోకాలు, గర్భసంచి ఆపరేషన్లకి వస్తున్నారు. వాళ్లకి స్పైనల్ ఇవ్వడానికి అభ్యంతరం లేదు. వెన్ను వంకర వల్ల మందు ఒకవైపుకే పారుతుంది, అంతే. శ్వాస కండరాల్లో పోలియో పాకినవాళ్లలో, మయస్తీనియాలో (కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బులో), మోటార్ న్యూరాన్ జబ్బులో బ్లాక్ ఛాతీ మధ్యకి ఎక్కకుండా చూడాలి. దగ్గమంటే గట్టిగా దగ్గగలిగితేనే ముందుకెళ్లండి. మయస్తీనియా రోగికి నర్సింగ్ హోమ్ అలవాటు మందులు ప్రమాదం. అమికాసిన్, జెంటమైసిన్, మెగ్నీషియం ఇవ్వకూడదు.

ఫిట్స్ ఉన్నవాళ్లకి పొద్దుటి మాత్ర గుక్కెడు నీళ్లతో వేయించాలి. స్పైనల్‌లో ఇచ్చే బుపివకైన్ ఫిట్స్ తెప్పించేంత రక్తంలోకి రాదు. ఫిట్స్ తెప్పించేది బ్లాక్ తర్వాత వణుకుకి అలవాటుగా పొడిచే ట్రమడాల్. వెచ్చటి దుప్పటి, గోరువెచ్చటి సెలైన్ ఇవ్వండి, తప్పకపోతే కొద్దిగా డెక్స్‌మెడిటోమిడిన్. పార్కిన్సన్ రోగి సెలిజిలిన్, రసాజిలిన్ వాడుతుంటే ట్రమడాల్, పెథిడిన్ అసలే వద్దు. వాంతులకి మెటోక్లోప్రమైడ్ కూడా వద్దు, ఆండాన్‌సెట్రాన్ ఇవ్వండి. వాళ్ల రోజువారీ పార్కిన్సన్ మాత్ర లీవోడోపా ఆపరేషన్ రోజున కూడా వేళ తప్పకూడదు. స్పైనల్‌లో ఉన్న పెద్ద సౌలభ్యం నోటితో మాత్ర వేసుకోగలగడమే.

వెన్నుపాము తెగినవాళ్లు మూత్రాశయంలో రాళ్లకి వస్తారు. గాయం టీ6 (ఛాతీ వెనక ఆరో వెన్నుపూస స్థాయి) లేదా దాని పైన అయితే, నొప్పి తెలియదు కదా అని మత్తు లేకుండా స్కోపు దింపితే బీపీ 200 దాటి ఎగుస్తుంది. ఇక్కడ స్పైనలే మందు. స్పర్శ లేనివాడికి బ్లాక్ వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందంటే, బిగుసుకున్న కాళ్లు వదులవుతాయి, చీలమండ కుదుపు ఆగుతుంది. గులియన్ బారీ ముదురుతున్న దశలో సూది దూరంగా ఉంచండి. కోలుకుని నెలలు గడిచి నిలకడగా ఉన్నవాళ్లకి తక్కువ మోతాదులో ఇవ్వొచ్చు, బీపీ ఊగిసలాటకి సిద్ధంగా ఉండి.

సూది వేసేటప్పుడు. నడుము ఎముకల మీద చేతులు పెట్టి లెక్కపెట్టిన చోటు చాలాసార్లు తప్పు. 2000లో ఎంఆర్ఐతో పోల్చి చూస్తే అనెస్థటిస్టులు చెప్పింది సరైనది 29 శాతమే. మిగతావి ఎక్కువగా అనుకున్నదానికంటే పైన ఉన్నాయి. కాబట్టి ఎల్3-ఎల్4 అనుకున్న చోటు ఎల్2-ఎల్3 అయినా వెన్నుపాము కింద ఉండేలా, ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఎంచుకోండి. రోగి మెలకువగా ఉండాలి. కాలిలోకి కరెంటు కొట్టినట్టుందంటే ఆగి, సూది వెనక్కి తీసి, దారి మార్చాలి. మందు తోస్తుంటే నొప్పి అంటే అక్కడితో ఆపెయ్యాలి. క్లోర్‌హెక్సిడిన్ 0.5 శాతం స్పిరిట్‌లోది వాడి, పూర్తిగా ఆరాక గుచ్చాలి. దాని గిన్నె స్పైనల్ ట్రేలో ఉండకూడదు. రక్తస్రావం తగ్గించే ట్రాన్‌ఎక్సమిక్ యాసిడ్ ఆంపూల్ థియేటర్‌లోనే వేరే అరలో ఉండాలి. హెవీ బుపివకైన్ అనుకుని దాన్ని వెన్నులోకి ఇచ్చి ప్రాణాలు పోయిన కేసులు చాలా దేశాల్లో నమోదయ్యాయి. లిథాటమీ పొజిషన్‌లో (కాళ్లు పైకెత్తి విడదీసి పెట్టినప్పుడు) మోకాలి కింద, బయటివైపు, ఎముక తల దగ్గర మెత్త పెట్టండి. అక్కడ నలిగిన నరమే తర్వాత పాదం లేవకుండా చేస్తుంది, తప్పు మాత్రం స్పైనల్ మీదికి వస్తుంది.

ఆపరేషన్ అయ్యాక, సూది వేసిన నాలుగు గంటలకి, ఆపరేషన్ కాని కాలిని నిటారుగా మంచం మీంచి ఎత్తమనండి. ఎత్తలేకపోతే నర్సు మీకు ఫోన్ చెయ్యాలి. ఈ ఒక్క వాక్యం ఆర్డర్ షీట్‌లో రాసిపెట్టండి. మీ రైతుకి బ్లాక్ ఎక్కువసేపు ఉండొచ్చు కాబట్టి, వెళ్లి పరీక్షించి, మీ పాత మార్కులతో పోల్చి, గంట తర్వాత మళ్లీ చూడండి. క్రమంగా విడుతుంటే సరే. ఏ మార్పూ లేకపోతే, లేదా ఒకసారి కదిలిన కాలు మళ్లీ పడిపోతే అది వెన్ను కాలువలో నరాల్ని నొక్కే రక్తం గడ్డ అనే అనుకోవాలి. నడుంనొప్పి ఉండే తీరాలని లేదు. ఎనిమిది గంటల్లోపు గడ్డ తీసినవాళ్లే బాగా కోలుకున్నారు. "పొద్దున చూద్దాం" అంటే ఆ ఎనిమిది గంటలూ నిద్రలోనే పోతాయి. అందుకే గుంటూరులోనైనా, బెజవాడ సూర్యారావుపేటలోనైనా, అర్ధరాత్రి తీసే ఎంఆర్ఐ ఎక్కడుందో, ఆ రాత్రి వెన్ను ఆపరేషన్ చేసే సర్జన్ ఎవరో, స్పైనల్ సూది విప్పకముందే మీ దగ్గర నంబర్లు ఉండాలి. రోగి డిశ్చార్జి అయి ఊరెళ్లాక వారానికి ఒకసారి, ఆరు వారాలకి ఒకసారి ఫోన్ చేసి, పాదం ఎలా ఉంది, మూత్రం ఎలా వస్తోంది అని అడిగి, అదే కేస్‌షీట్‌లో రాయండి.